ఖాదర్ అన్నకు రుచి చెప్పిన రోజులు

నిమ్మగడ్డిని రోట్లో వేసి దంచితే ముందు పచ్చిగడ్డి వాసన వస్తుంది. ఇంకొంచెం దంచితే నిమ్మతొక్క గిల్లినట్టు వాసన వస్తుంది. అక్కడ ఆపాలి. ఆపకపోతే పీచు నలిగి చేదు దిగుతుంది. ఆ చేదు ఎన్ని కొబ్బరిపాలు పోసినా పోదు. ఈ పొద్దున దంచుతుంటే ఆ వాసన వచ్చింది, నా చేయి దానంతటదే ఆగింది. "బస్, బస్, ఇగ ఆపు చెల్లే" అనే మనిషి ఇప్పుడు లేడు. అయినా ఎవరో అన్నట్టే ఆగింది.

నా పేరు సరోజ. నాకు రాయడం కొత్త. ఊరి బడిలో ఐదో తరగతి దాకా చదివాను, తర్వాత బీడీలు చుట్టాను. మాటలు ఎక్కడ ఆపాలో, ఎక్కడ మొదలుపెట్టాలో సరిగ్గా తెలియదు. కానీ మా హోటల్‌కు వచ్చి తిని పోయినవాళ్లలో చాలామందికి ఖాదర్ అన్న ముఖం కూడా తెలియదు. వంటింట్లో ఉండేవాళ్లను ఎవరు చూస్తారు? తిన్నవాళ్లకు ప్లేటు కనిపిస్తుంది, అంతే. ఆయన ఎట్లాంటివాడో, చివరికి ఏమైందో నేను చెప్పకపోతే ఇంకెవరూ చెప్పరు. అందుకని రాస్తున్నాను. తప్పులుంటే సర్దుకుని చదవండి.

మా హోటల్ కరీంనగర్‌లో ఒక బట్టల దుకాణం పైన ఉంది. థాయిలాండ్, చైనా, జపాన్ దిక్కు వంటలు చేస్తాం. మాంసం ఉండదు, గుడ్డు ఉండదు. పాలు, పెరుగు, నెయ్యి, తేనె కూడా ఉండవు. దాన్ని వీగన్ అంటారని నాకు పనిలో చేరాకే తెలిసింది. మా యజమాని వంశీ సారు చిన్న వయసు మనిషి. హైదరాబాద్‌లో ఉద్యోగం మానేసి వచ్చి ఇది పెట్టాడు. మొదట్లో జనం మెట్లెక్కి వచ్చి, ఏమేం ఉన్నాయో విని, మళ్లీ మెట్లు దిగిపోయేవాళ్లు. హుజూరాబాద్ నుంచి వచ్చిన ఒక పెద్దాయన అయితే కూర్చున్నచోటి నుంచే గట్టిగా అడిగాడు. "మటన్ లేకపాయె, పెరుగు లేకపాయె. మా ఎడ్లకు పెట్టేది మాకు పెడుతున్నరా కొడుకా?"

లోపల నుంచి ఖాదర్ అన్న చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చాడు. "ఎడ్లు గింత మంచిగ అడగయి కాకా. తిను. నచ్చకుంటె నన్ను తిట్టి పో" అన్నాడు. తర్వాత సోయా పన్నీరుకు సముద్రపు నాచు చుట్టి వేయించి పంపించాడు. ఆ పెద్దాయన తింటూ తింటూ వేలితో ముక్కలో వెతకడం మొదలుపెట్టాడు. ఏం పోయింది కాకా అంటే, "ముండ్లు తీసినవా, ఉన్నయా అని చూస్తున్న" అన్నాడు. ఆయన దాన్ని చేప అనుకున్నాడు. ఆ రోజు ఖాదర్ అన్న వంటింట్లోకి వచ్చి గోడకు చెయ్యి ఆనించి మరీ నవ్వాడు.

ఆయనను అందరూ మాస్టర్ అనేవాళ్లు. నేను అన్నా అనేదాన్ని. హుస్సేనిపురలో పుట్టాడు. వాళ్ల నాన్నది మటన్ దుకాణం. వయసులో ఉన్నప్పుడు బహ్రెయిన్ పోయి, అక్కడ ఒక థాయి హోటల్లో గిన్నెలు కడగడంతో మొదలై పెద్ద వంటవాడయ్యాడు. అక్కడ ఒక థాయి ఆవిడ ఆయనకు పని నేర్పిందట. ఆమె పేరు ఎత్తినప్పుడల్లా గురువు మీద గౌరవంతో చెవి పట్టుకునేవాడు. "మా నాయిన జిందగీ అంత మటన్ కొట్టిండు. నేను సోయా పన్నీరు కోస్తున్న. పైనుంచి చూసి నవ్వుతుంటడు" అనేవాడు. భార్య చనిపోయాక తిరిగి వచ్చాడు. ఇంట్లో బిడ్డ షాహీన్ ఒక్కతే. మిషన్ కుడుతుంది.

నేను చేరింది కూరగాయలు తరగడానికి. ఒకరోజు అన్న నన్ను పొయ్యి దగ్గరికి పిలిచి గరిటెతో పులుసు తీసి, "రుచి చూడు" అన్నాడు. నేను వెనక్కి జరిగాను. మా ఇంట్లో వండేటప్పుడు నోట్లో పెట్టుకోము. పోచమ్మకు బోనం వండే రోజైతే వాసన కూడా గట్టిగా పీల్చనివ్వరు. దేవుడు తినకముందు, ఇంట్లోవాళ్లు తినకముందు వండినామె తింటే అది ఎంగిలి. ఉప్పు చేతి అందాజుతో వేస్తాం, ఉడుకు చూసి, రంగు చూసి దించేస్తాం. ఆ మాటే చెప్పాను.

"అన్నా, ఎంగిలైతది."

"ఎంగిలి గాకుంట తినొచ్చు. చెయ్యి చాపు."

గరిటె నుంచి చిన్న చెంచాలోకి వంచి, చెంచా నుంచి నా అరచేతిలోకి పోశాడు. గరిటె చెంచాకు తగల్లేదు, చెంచా నా చేతికి తగల్లేదు. అరచేతిలోది నాకమన్నాడు. నాకాను. తర్వాత చెయ్యి కడుక్కోమన్నాడు. "గిట్ల ఎవ్వలికి ఎంగిలి గాదు. నీ దేవునికి గాదు, నా దేవునికి గాదు. ఇగ చెప్పు. ఏమన్నది?"

"ఏమంటది అన్నా, మంచిగున్నది."

"మంచిగున్నది అనేది రుచి గాదు చెల్లే. చుట్టం ఇంటికొస్తె ఏమన్నది అని అడుగుతం గద. గట్లనే. పులుసు నోట్లకు వచ్చింది. ముందుగాల ఏమన్నది? ఎనక ఏమన్నది? మింగినంక ఏమన్నది?"

నాకు నవ్వు వచ్చింది. కానీ ఆయన నవ్వలేదు. చెప్పేదాకా పొయ్యి దగ్గర నుంచి కదలనివ్వలేదు. ముందు తీపి అన్నది, తర్వాత పులుపు కొట్టింది అన్నాను. "ఎక్కడ కొట్టింది?" అన్నాడు. చెవుల కింద అన్నాను. "షాబాష్" అని అప్పుడు వదిలాడు. ఆ రోజు నుంచి రోజూ అదే అడిగేవాడు. ఆయన కూడా నా ఎదురుగానే తన అరచేతిలో పోసుకుని చూసేవాడు. నేను చెప్పింది తప్పయితే తల అడ్డంగా ఊపేవాడు. ఇంట్లో ఇన్నేళ్లు వండిన నాకు, నా నాలుకకు ఇంత తెలుసని ఎవరూ చెప్పలేదు. తిని లేచినవాళ్లు ఉప్పు తక్కువైతే తిట్టారు, సరిపోతే ఏమీ అనలేదు.

రెండేళ్లు అట్లా గడిచాయి. ఒక చలికాలం అన్న దవడ వాచింది. పన్ను నొప్పి అన్నాడు. బహ్రెయిన్‌లో ఉన్నప్పుడు చెంపలో పొగాకు పెట్టుకునే అలవాటు ఉండేదని, ఇప్పుడు మానేశానని ఎప్పుడో చెప్పాడు. పన్ను చూపించుకుని వస్తానని హైదరాబాద్ పోయాడు. చాలా రోజులు రాలేదు. వచ్చేసరికి సగమయ్యాడు. మెడ మీద చర్మం కమిలిపోయినట్టు నల్లగా ఉంది. ఏందన్నా ఇది అంటే, "మందులు పడలే" అన్నాడు. నేను నమ్మాను. వంశీ సారు కూడా నమ్మాడు.

అప్పుడే రంజాన్ మొదలైంది. మొదటి రోజే అన్న నన్ను పిలిచి, "రోజా ఉన్న చెల్లే. నోట్లె ఏం పెట్టుకోవద్దు. ఈ నెలంత నువ్వే చూడాలె" అన్నాడు. అంతకుముందు రంజాన్లలో కూడా అన్న ఉపవాసం ఉండే వండేవాడు. కానీ అప్పుడు ఎవరినీ అడగలేదు, వాసనతోనే చేసేసేవాడు. ఈసారి మాత్రం ప్రతి గిన్నెకూ నన్ను పిలిచాడు. నా అరచేతిలో పోసి, నా ముఖం చూస్తూ నిలబడేవాడు. నేను చెప్తే దాన్నిబట్టి ఉప్పు వేసేవాడు, చింతపండు పిండేవాడు, బెల్లం గీకేవాడు. మధ్యమధ్యలో బియ్యం బస్తాల గదిలోకి పోయి తలుపు దగ్గరికి వేసుకునేవాడు. నమాజు చేసుకుంటున్నాడనుకుని అటువైపు ఎవరినీ పోనిచ్చేదాన్ని కాదు.

పండుగ రోజు స్టీలు టిఫిన్‌లో షీర్ ఖుర్మా తెచ్చాడు. మా వంటింట్లోకి పాలు రానివ్వరు కదా, అందుకని మెట్ల మీద కూర్చుని తిన్నాం. అన్న తినలేదు, మమ్మల్నే చూస్తున్నాడు. "ఏమన్నది?" అని అడిగాడు. ఖర్జూర ముందొచ్చింది, పాలు బాగా కాగినయి, ఆఖరుకు నెయ్యి అన్నాను. "షాహీన్ చేసింది. వాళ్ల అమ్మ చేసినట్లే ఉన్నదా?" అన్నాడు. వాళ్లమ్మ చేతిది నేనెప్పుడు తిన్నాను? ఆ మాట అనబోయి ఆయన ముఖం చూసి ఊరుకున్నాను.

పండుగ అయిపోయినా అన్న నన్ను పిలవడం ఆపలేదు. నాకు పని నేర్పుతున్నాడనుకున్నాను. ఒకరోజు మధ్యాహ్నం, హోటల్లో పనిచేసేవాళ్లకు పప్పు నేను వండాను. అందరికీ పెట్టి, చివర నేను కూర్చుని మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాను. ఉప్పు లేదు. తక్కువ కాదు, అసలు వేయడమే మరిచిపోయాను. పక్కన చూస్తే అన్న ప్లేటు ఖాళీ అయిపోతోంది. ఉప్పు కొంచెం అటుఇటైతే గిన్నె మొత్తం పారబోసే మనిషి. గడ్డి తిన్నట్టు తింటున్నాడు.

"అన్నా, పప్పుల ఉప్పు లేదు" అన్నాను.

ఆయన చెయ్యి అక్కడే ఆగిపోయింది. తర్వాత లేచి బియ్యం బస్తాల గదిలోకి పోయాడు. నేను వెనకే పోయాను. ఆయన బస్తా వెనక నుంచి నీళ్ల సీసా తీసి గుక్కెడు తాగాడు.

"పన్ను గాదు చెల్లే. దవడల రాచపుండు. హైదరాబాద్‌ల కరెంటు పెట్టిన్రు. పుండు కాలింది, దానెంబడి నాలుక గూడ కాలింది. వాసన జర జర తెలుస్తది. ఉప్పు, పులుపు, తీపి ఏది దొరుకుతలేదు. నోరు ఎండుతది, ఊకె నీళ్లు తాగాలె."

"మల్ల వస్తదట గదా?"

"రావొచ్చు, రాకపోవొచ్చు అన్నడు డాక్టరు. రాలే."

అప్పుడు నాకు వెలిగింది. "మరి రోజా?" అన్నాను.

ఆయన బస్తా మీద కూలబడ్డాడు. "రోజా లేకుండె. నీళ్లు లేకుంట ఉండద్దని డాక్టరు చెప్పిండు. జబ్బు మనిషికి మాఫ్ ఉంటది, దాని ఫికర్ లేదు. గని ఉన్న అని చెప్పిన గద. నెలంత దేవుని పేరు మీద అబద్ధమాడిన. గీ పొయ్యి కోసం ఆడిన. పొయ్యి కాడికెల్లి లేపుతరని భయమైంది."

జబ్బు గురించి చెప్పినప్పుడు ఆయన గొంతు మామూలుగానే ఉంది. రోజా మాట చెప్పినప్పుడు మాత్రం వణికింది. చెప్పకు చెల్లే అని ఆయన అడగలేదు. చెప్పను అన్నా అని నేను కూడా అనలేదు. ఆ సాయంత్రం పొయ్యి దగ్గరికి పోయి, పిలవకముందే చెయ్యి చాపాను.

తర్వాత రెండు నెలల దాకా మేమిద్దరం అట్లాగే వండాం. చేతులు ఆయనవి, నోరు నాది. వంశీ సారు వంటింట్లోకి వస్తే అన్న అరచేతిలో పోసుకుని నాకినట్టు చేసేవాడు. అటు తిరిగి నన్ను చూసేవాడు. నేను ముక్కు గోకితే ఉప్పు కావాలని, చెవి పట్టుకుంటే పులుపు కావాలని అర్థం. నాకు రాత్రి ఇంటికి పోయాక కూడా నోట్లో ఏది పెట్టుకున్నా భయంగా ఉండేది. పచ్చిమిరపకాయ కొరకడం మానేశాను. వేడి చాయ్ తాగడం మానేశాను. జలుబు చేస్తే దేవుడికి మొక్కుకున్నాను. నా నాలుక నాది కాదు, ఎవరో దాచమని ఇచ్చినదనిపించేది. అదే సమయంలో ఆయన నాకు అన్నీ చెప్పేశాడు. కొబ్బరిపాలు ఎప్పుడు విరుగుతాయో, ఆదిలాబాద్ నుంచి వచ్చే సోయా గింజలు ఎంత నానాలో, పన్నీరు మీద బరువు ఎప్పుడు తీయాలో. తొందర తొందరగా చెప్పేవాడు. నేర్పుతున్నాడనుకున్నాను కానీ అప్పగిస్తున్నాడని అనుకోలేదు.

ఎండాకాలం ఆఖర్లో మా అత్త చనిపోయింది. దినాలు అయ్యేదాకా ఇల్లు కదలొద్దు. మైల మనిషి పొయ్యి ముట్టొద్దు, అదీ పదిమందికి వండే పొయ్యి అసలే ముట్టొద్దు. అన్నకు ఫోన్ చేసి చెప్పాను. "పోయిన మనిషి ముఖ్యం చెల్లే. నేను చూసుకుంట" అన్నాడు. మూడో రోజో నాలుగో రోజో ఆయనే ఫోన్ చేశాడు. ఇంటి నిండా చుట్టాలు. నేను గోడ వెనక్కి పోయాను.

"చెల్లే, చింతపండు కొత్తది వచ్చింది. నల్లగున్నది. ఎంత వెయ్యాలె?"

"నల్లగుంటె పాతదన్నా, పులుపు తక్కువుంటది. వేళ్లకు అంటుకుంటున్నదా?"

"అంటుకుంటున్నది."

"అయితే ఇంకింత పిండు. ఫోన్ల వాసన వస్తె ఎంత బాగుండు."

"వాసనకేంది, నాకే వస్తున్నది. నీ నోరు ఫోన్లకెల్లి బయటికొస్తె చాలు" అన్నాడు. నేను నవ్వాను. మా ఆడబిడ్డ గోడ ఇవతలికి వచ్చింది. "మా అవ్వ సచ్చి నాలుగొద్దులు గాలే, పులుసు ముచ్చట్లు వెట్టి నవ్వుతున్నవా వదినా?" అంది. ఫోన్ పెట్టేశాను. ఆ తర్వాత అన్న చేసినా ఎత్తలేకపోయాను.

దినాలు అయ్యాక పనికి పోయాను. ప్లేట్లు తిరిగి వస్తున్నాయని, ఒక పుట్టినరోజు వాళ్లు కూర నోట్లో పెట్టుకోలేక లేచిపోయారని గిన్నెల దగ్గర చెప్పుకుంటున్నారు. వంశీ సారు అన్న తాగి వస్తున్నాడని అనుమానపడ్డాడు. నేను చీర కొంగు దోపుకునేలోపే లోపలికి వచ్చి, రెండు గిన్నెల్లో ఒకే కూరగాయల పులుసు పోశాడు. కిటికీ వైపు గిన్నెలో గుప్పెడు ఉప్పు వేసి కలిపాడు. నేను పక్కనే ఉన్నాను, చూశాను. తర్వాత అన్నను పిలిచాడు.

"మాస్టర్, ఈ రెండిట్ల కస్టమర్‌కు ఏది పంపియ్యొచ్చు? చూసి చెప్పు."

నేను సారు వెనక నిలబడ్డాను. అన్న నావైపు ఒక్కసారి చూస్తే చాలు. కిటికీ వైపు కన్ను తిప్పేదాన్ని. సారుకు తెలిసేదే కాదు. ఆయన ఒక గిన్నెలోది అరచేతిలో పోసుకుని నోట్లో పెట్టుకున్నాడు. కళ్లు మూసుకుని చాలాసేపు ఉంచుకున్నాడు. చెయ్యి కడుక్కున్నాడు. రెండోది కూడా అట్లాగే. చూడు అన్నా, నన్ను చూడు అనుకుంటున్నాను. ఆయన చూడలేదు. నేను అక్కడ ఉన్నానని తెలుసు, తెలిసే చూడలేదు.

"తెలుస్తలేదు సారు" అన్నాడు. "రెండు నీళ్ల లెక్కనే ఉన్నయి."

వంశీ సారు కోపంగా ఏదో అనబోయి ఆగిపోయాడు. ఆయన ఈ మాట అనుకోలేదు. "ఎప్పటి సంది?" అని మెల్లగా అడిగాడు.

"రంజాన్‌కు ముందు సంది. ఇన్నొద్దులు సరోజ చూసింది. నీ దగ్గర తిన్నోళ్లంత ఆమె నోటితోని తిన్నరు. నేను చేతులాడించిన, గంతే."

"నాకు చెప్పొద్దా మాస్టర్?"

"చెప్తె ఉంచుకునేటోనివా?"

సారు మంచివాడే. అబద్ధం చెప్పడం రాక ఊరుకున్నాడు. కౌంటర్ దగ్గర కూర్చో, ఫోన్లు చూసుకో అన్నాడు. "పొయ్యి లేని కాడ నాకేం పని" అని అన్న నడుముకు కట్టుకున్న ఏప్రన్ విప్పి మేకుకు తగిలించాడు. పొయ్యి మీద కొబ్బరిపాలు పొంగడానికి వచ్చాయి. ఎవరూ కదల్లేదు. మంట తగ్గించమని ఆయనే నాకు చెయ్యి చూపించి, మెట్లు దిగి పోయాడు.

ఆ పూట నుంచి ఆ పొయ్యి నాది. ఒకరి చోటు లాక్కుని నిలబడ్డట్టు ఉండేది. సెలవు రోజున హుస్సేనిపుర పోయాను. అన్న గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. నాకు ఏడుపు, కోపం కలిసి వచ్చాయి. "ఎందుకు చూడలే అన్నా? నేను కన్నుతోని చెప్తుంటి గద" అన్నాను.

"తెలుసు. అందుకే చూడలే" అన్నాడు. "ఇన్నొద్దులు నీ నోటితోనే బతికిన. దొరికిపోయే మాట ఒక్కటన్న నా నోటితోని చెప్పాలెనని అనిపించింది."

అప్పటికే పుండు మళ్లీ లేచింది. మరోసారి హైదరాబాద్ పోనన్నాడు. షాహీన్ మిషన్ తొక్కుతూ మా మాటలు వింటోంది, తల ఎత్తలేదు.

వానలు మొదలైన తర్వాత ఒక మధ్యాహ్నం, తినేవాళ్లు ఎవరూ లేని వేళ, షాహీన్ భుజం పట్టుకుని ఆయన మా హోటల్ మెట్లు ఎక్కి వచ్చాడు. ముఖానికి రుమాలు కట్టుకున్నాడు. వంటింటివైపు రాలేదు. కిటికీ పక్కన టేబుల్ దగ్గర కూర్చున్నాడు. హోటల్ తెరిచిన నాటి నుంచి ఆయన ఆ కుర్చీల్లో కూర్చోవడం అదే మొదలు. "ఫ్యాన్ గాలి గింత మంచిగ వస్తదా ఇక్కడ? ఇన్నేండ్లు లోపట ఉడికి సస్తిని" అన్నాడు. వంశీ సారు తనే నీళ్లు తెచ్చి పెట్టాడు. ఏం తెమ్మంటావు మాస్టర్ అంటే, "సరోజ చేసే కొబ్బరిపాల కూర" అన్నాడు.

ఎట్లా వండానో నాకే తెలియదు. తీసుకుపోయి ముందు పెట్టి వెనక్కి తిరుగుతుంటే, "కూసో" అన్నాడు. పని బట్టల్లో, తడి చేతులతో ఆ టేబుల్ దగ్గర ఎట్లా కూర్చుంటాను? వంశీ సారు వైపు చూశాను. ఆయన కుర్చీ లాగి పెట్టి అవతలికి పోయాడు.

"నువ్వు తిను. తినుకుంట చెప్పు" అన్నాడు అన్న. తను గిన్నెలోకి పులుసు మాత్రం పోసుకున్నాడు. నమిలే పరిస్థితి లేదు.

ఒక చెంచా తిన్నాను. "మంచి..." అనబోయి ఆపుకున్నాను. ఆయన రుమాలు పైన కళ్లు నవ్వాయి.

"ముందుగాల కొబ్బరిపాలు వచ్చినయన్నా. తియ్యగ గాదు, మెత్తగ. పత్తి మీద చెయ్యి వెట్టినట్లు."

ఆయన రుమాలు పక్కకు జరిపి ఒక చెంచా పోసుకున్నాడు. "ఊఁ. ఎనక?"

"నిమ్మగడ్డి వచ్చింది. గని లోపటికి వస్తలేదు. కొత్త కోడలు లెక్క గడప కాడనే నిలబడ్డది."

"తక్కువ దంచినవ్. ఎందుకు?"

"భయమైంది. చేదైతదేమోనని."

"భయపడితె పచ్చిగనే ఉంటది. ఇంకేమన్నది?"

"అల్లం ఒక్కటే ఒర్రుతున్నది. ఎవ్వల్ని మాట్లాడనిస్తలేదు."

"ఉప్పు?"

ఇంకో చెంచా తిని చూశాను. "ఉప్పు కనవడ్తలేదన్నా. ఉన్నది, గని ఎక్కడున్నదో తెలుస్తలేదు."

"గదే" అన్నాడు. "కనవడద్దు. గది సరిపోయింది."

అట్లా ఆ గిన్నె అయిపోయేదాకా నేను చెప్తూ ఉన్నాను. నేనొక మాట చెప్పడం, ఆయనొక చెంచా తాగడం. ఒక్కో చెంచా మింగేటప్పుడు మెడ నరాలు బిగుసుకునేవి. అయినా ఆపలేదు. నాకు తెలిసిన మాటలన్నీ అయిపోయాయి. పొలంలో మాటలు, బీడీల మాటలు, పిల్లల మాటలు, ఏవి దొరికితే వాటితో చెప్పాను. నా జన్మలో అంతసేపు ఎవరి ముందూ మాట్లాడలేదు. నా మాట కోసం అట్లా ముందుకు వంగి విన్న మనిషి కూడా ఎవరూ లేరు.

"ఏమన్న తెలుస్తున్నదా అన్నా?" అని చివరికి అడిగాను.

"నాలుకకు లేదు" అన్నాడు. నుదుటి మీద వేలు పెట్టుకున్నాడు. "గీడ తెలుస్తున్నది. నువ్వు చెప్తుంటె యాదికొస్తున్నది. చాలు."

షాహీన్ కిటికీ వైపు తిరిగి కూర్చుంది. పోయేటప్పుడు ఆయన వంటింటి గుమ్మం దాకా వచ్చి, లోపలికి అడుగు పెట్టకుండా పొయ్యి వైపు చూశాడు. "మంట జర ఎక్కువున్నది" అన్నాడు. పోయి తగ్గించాను. వెనక్కి తిరిగి చూసేసరికి మెట్లు దిగుతున్నాడు.

ఆయన మళ్లీ రాలేదు. వానాకాలం పోకముందే పోయాడు. చివరి రోజుల్లో నీళ్లు కూడా దిగలేదని షాహీన్ చెప్పింది. ఎంత ఆకలితో పోయాడో తలుచుకుంటే ఇప్పటికీ నాకు ముద్ద దిగదు. ఎందరివో కడుపులు నింపిన మనిషి అట్లా పోవడం ఏం న్యాయమో నాకు తెలియదు, ఎవరిని అడగాలో కూడా తెలియదు.

చావు జరిగిన ఇంట్లో మూడు రోజులు పొయ్యి వెలిగించరు. చుట్టుపక్కలవాళ్లు తెచ్చి పెడతారు. రెండో రోజు నేను అన్నం, పప్పు, వంకాయ కూర వండి తీసుకుపోయాను. ఆడవాళ్లంతా చాప మీద కూర్చుని ఉన్నారు. షాహీన్ ముందు పళ్లెం పెట్టి, బిడ్డా రెండు ముద్దలు తిను అన్నాను. ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, నమలకుండా నన్ను చూసింది.

"అత్తా, ఇందుల ఉప్పు వేసినవా? నాకు తెలుస్తలేదు" అంది.

నేను అదే పళ్లెంలో నుంచి ఒక ముద్ద తీసుకుని తిన్నాను. ఎంగిలి అనే మాట కూడా గుర్తు రాలేదు. "వేసిన బిడ్డా. సరిపోయింది. తిను" అన్నాను. ఆమె నా మాట నమ్మి తిన్నది.

హోటల్ ఇప్పటికీ నడుస్తోంది. ఆ పొయ్యి దగ్గర నేనే ఉన్నాను. కొబ్బరిపాల కూర బాగుందని లోపలికి కబురు పంపేవాళ్లు ఉన్నారు. వాళ్లకు నేనేం చెప్పగలను? తల ఊపుతాను. కానీ నాకొక అలవాటు పట్టుకుంది, ఇంట్లోవాళ్లకు కూడా చెప్పలేదు. పొద్దున మెలకువ రాగానే కళ్లు తెరవను. మంచం పక్కన గిన్నెలో దొడ్డుప్పు పెట్టుకుంటాను. చెయ్యి చాపి ఒక పలుకు తీసి నాలుక మీద వేసుకుంటాను. అది కరిగేదాకా ఊపిరి బిగపట్టుకుని పడుకుంటాను. ఉప్పగా తగిలాక లేచి, ముఖం కడుక్కుని, కరీంనగర్ బస్సు ఎక్కుతాను.